వీణావతి కల్యాణానికి పదిహేడు టికెట్లు

ఆ ఆదివారం కోసం రాజలింగు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి స్నానం, ఆరున్నరకు దీపం, ఎనిమిదింటికి ఉప్మా, తొమ్మిదిన్నరకు ఆటో, పదిన్నరకు సినిమా. భార్య మొగిలమ్మకు సినిమా సంగతి చెప్పలేదు. "జర మంచి చీర కట్టుకో, బయటికి పోదాం" అని మాత్రం అన్నాడు. కాశిబుగ్గలో ఏళ్ల తరబడి జంపఖానాలు నేసిన మనిషి. ఏ పోగు తర్వాత ఏ పోగు రావాలో తనకు తెలుసునని ఆయన నమ్మకం.

ఈ సినిమా వెనుక నలభై ఒక్క ఏళ్ల కథ ఉంది. పెళ్లయిన పదో రోజున రాజలింగు కొత్త పెళ్లాన్ని "వీణావతి కల్యాణం" అనే పాటల సినిమాకు తీసుకొచ్చాడు. అప్పట్లో అందరూ పరకాలలోనే ఉండేవారు. కొత్త జంట ఒంటరిగా వరంగల్ దాకా పోతే బాగుండదని అక్క పోశవ్వ కూడా బయలుదేరి, ఇద్దరికీ నడుమ కుర్చీలో కూర్చుంది. గుడిలో పాడే వీణావతిని రాజు చేసుకుంటానంటాడు. వీణలు చేసే పేద కుర్రవాడు ఆమె కోసం ప్రాణం పెడతాడు. ఆమె మాత్రం వేణుగోపాలస్వామి తప్ప ఎవరూ వద్దంటుంది. పంతొమ్మిదో పాట చివర రాజు, వీణల కుర్రవాడు, స్వామి విగ్రహం వరసగా ఉండగా, వీణావతి పూలదండ రెండు చేతులా ఎత్తింది. సరిగ్గా అప్పుడే పోశవ్వ లేచింది. "ఆఖరి బస్సు పోతది, లేవుండ్రి" అంది. లేచారు. దండ ఎవరి మెడలో పడిందో మొగిలమ్మ చూడలేదు.

తర్వాత చూడడానికీ వీలు పడలేదు. ఆ ఆఖరి రీలు ఎక్కడో వానకు తడిసి పాడైందట. టీవీలో వేసినా, ఫోనులో వెతికినా, ఎత్తిన చేతుల దగ్గరే బొమ్మ ఆగిపోతుంది. కూరలో ఉప్పు తక్కువైందని రాజలింగు అన్నప్పుడల్లా, "దండ ఎవని మెడల ఏసిందో సూడనిచ్చినవా నన్ను?" అనేది మొగిలమ్మ. ఉప్పుకూ దండకూ సంబంధం లేదని ఆయన ఏనాడూ వాదించలేదు. నగలడగలేదు, యాత్రలడగలేదు, అడిగింది ఐదు నిమిషాల పాట. అది కూడా చూపించలేకపోయానన్న ముల్లు ఆయనలోనూ ఉండేది.

ఇప్పుడు దానికి రెండో భాగం వచ్చింది. ముసలిదైన వీణావతి తన కథ చెబుతుందని, పోయిన రీలులో జరిగింది ఆఖరున చూపిస్తారని పేపర్లో వేశారు. హనుమకొండలో ఒక్క థియేటరు, రోజుకు పొద్దుటి ఆట ఒక్కటే. ఆదివారంతో తీసేస్తున్నారు. కోడలు ఇందు ఫోనులో రెండు టికెట్లు తీసింది.

"మీ అత్తకు చెప్పకు బిడ్డా, సూసినంకనే తెల్వాలె. పోశవ్వక్కకైతె అసలే తెల్వద్దు" అన్నాడు రాజలింగు.

"పెద్దత్తమ్మకెందుకు మామయ్యా?"

"ఆమె వస్తే మల్ల బస్సు యాదికొస్తది."

ఇంతలో పోశవ్వే శనివారం పొద్దున పరకాల నుంచి ఫోన్ చేసింది. "తమ్మీ, రేపు మీ ఇంటికొస్తాన" అంది.

రాజలింగు ఫోనును ఒక చెవి నుంచి రెండో చెవికి మార్చుకున్నాడు. ఆయన భక్తిపరుడు. పదేళ్ల కిందట మల్లన్న జాతరలో, ఇకమీదట అబద్ధం ఆడనని మొక్కుకున్నాడు. అయితే అన్నీ చెబుతానని మొక్కుకోలేదు కదా అన్న ఆలోచన ఆయనకు ఆ క్షణంలో దేవుడే ఇచ్చాడో, మరెవరిచ్చారో.

"రేపు మేం ఇంట్ల ఉండమక్కా. పదిన్నరకు కల్యాణం ఉన్నది. టికెట్లు తీసుకున్నం."

"కల్యాణమా! ఎవరిది?"

"గదే... వీణావతి... వేణుగోపాలస్వామి..." అంటూ మగ్గం పలకను దడదడ లాగాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. పరకాల వైపు మనుషులు చేసుకుంటే లగ్గం. కల్యాణమంటే దేవుడిదే. మగ్గం చప్పుడులో పోశవ్వకు స్వామి పేరు ఒక్కటే వినబడింది.

"ఉపాసం ఉండాల్నారా?"

"అది నీ ఇష్టం అక్కా" అని రాజలింగు ఫోన్ పెట్టేశాడు. ఒక్క అబద్ధం లేకుండా గండం గడిచిందని దేవుడి పటానికి దండం కూడా పెట్టుకున్నాడు.

ఆదివారం ఎనిమిదింబావుకు, ఉప్మా తిని చేతులు కడుగుతుండగా, ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. ముందు పోశవ్వ దిగింది. తర్వాత ఆమె భర్త కట్టయ్య దిగాడు. ఆ వెనుక వాళ్ల వాడకట్టు నుంచి పన్నెండు మంది ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు. అందరివీ పసుపు చీరలు. నెత్తిన తడి ఆరని జుట్టు. చేతుల్లో కొబ్బరికాయలు, అరటిపళ్లు, అమ్మవారికి పెట్టే చీర. ఒక పెద్ద స్టీలు గిన్నె నిండా పసుపు కలిపిన తలంబ్రాలు.

"రాత్రి సంది పచ్చి గంగ ముట్టలేదు తమ్మీ" అంది పోశవ్వ గర్వంగా. "కల్యాణం అయి, తలంబ్రాలు పడ్డంకనే ముద్ద ముట్టేది. సంకల్పం చెప్పుకున్నం."

"టికెట్లు..." అన్నాడు రాజలింగు.

"దేవునికాడికి వచ్చినోళ్లను ఎల్లగొడ్తరార? నువ్వు జర చెప్పు, నీకు తెల్సినోళ్లే ఉంటరు గద."

మొగిలమ్మ వాకిట్లోకి వచ్చి, ఆ తలంబ్రాల గిన్నెను చూసి, మొగుడి చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయింది.

"కల్యాణానికి తోల్కపోతానని చెప్పద్దా? కడుపునిండ ఉప్మా పెట్టిచ్చినవ్! తిని పోతరా ఎవలన్న కల్యాణానికి? అండ్ల ఉల్లిగడ్డ సుత ఏసిన!"

"అది గుడి కాదే" అన్నాడు రాజలింగు నేల చూస్తూ. "సినిమా. వీణావతిది రెండోది. ఆఖరుకు దండ ఏసుడు సూపిస్తరట."

మొగిలమ్మ పొయ్యి మీద గుడ్డతో తుడిచిన చోటనే మళ్లీ తుడిచింది. "నిజంగ సూపిస్తరా?" అంది. ఆ గొంతు విని రాజలింగుకు, ఇల్లంతా మునిగినా సరే ఈ పూట ఆమెకు ఆ పాట చూపించాలనిపించింది.

"మరి వదినెకు చెప్పు పో" అంది మొగిలమ్మ.

చెప్పడానికే వెళ్లాడు. కాని వాకిట్లో అప్పటికే పన్నెండు మంది కూర్చుని పాట ఎత్తుకున్నారు. ఎదురింటివాళ్లు వచ్చి పోశవ్వ కాళ్లకు దండం పెడుతున్నారు. ఉపవాసమున్న మనిషితో, అదీ తమ్ముడి మాట మీద ముప్పై అయిదు కిలోమీటర్లు ట్రాలీలో వచ్చిన అక్కతో, ఇది సినిమా అని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? రాజలింగు ఇందు వైపు చూశాడు. ఇందు ఫోను వైపు చూసింది.

"ముందు వరసల ఖాళీ ఉన్నయి మామయ్యా. పదిహేను తియ్యాల్నా? నేను సుత వస్త, మిమ్మల్ని ఇట్ల ఇడిసిపెట్టి ఇంట్ల కూసోలేను."

దారిలోనైనా మెల్లగా చెబుదామని రాజలింగు ట్రాలీలో అక్క పక్కనే కూర్చున్నాడు.

"అక్కా, ఆడ కుర్చీలుంటయి. మెత్తటివి."

"పీటలు లేవా?"

"లేవు. ఏసీ."

"మంచి కమిటీ ఉన్నట్టున్నది" అంది వెనుక నుంచి ఒకావిడ.

"ముందల పెద్ద తెర ఉంటది అక్కా" అని రాజలింగు గుండె చిక్కబట్టుకుని అన్నాడు.

"తెర లేక కల్యాణమెట్లయితదిరా? తెర పట్టి, జీలకర్ర బెల్లం పెట్టినంకనే గద తీసేది!"

"ఇది రెండోదక్కా. మొదటిది ఎనుకటనే అయింది."

"స్వామికి ఏటేట అయితది. గంత కూడ తెల్వదా నీకు?"

నిజం చెబుతున్నకొద్దీ అబద్ధం పెద్దదవుతోంది. ఇంతకంటే సూటిగా చెబుదామని ఆయన నోరు తెరిచేసరికి ట్రాలీ ఆగింది.

అద్దాల తలుపుల ముందు పద్నాలుగు జతల చెప్పులు వరసగా విడిచారు. అవి చూసి, అటు వచ్చిన కుర్రకారు ఇద్దరు ముగ్గురు తమవీ విప్పారు. లోపల బ్యాగులు తడిమే అమ్మాయి కొబ్బరికాయలు తీసి బల్ల మీద పెట్టింది. "బయటి తిండి లోపలికి రానియ్యం" అంది. తలంబ్రాల గిన్నె మీదున్న గుడ్డ ఎత్తి, ఏం చేయాలో తోచక మేనేజరును పిలిచింది. మేనేజరు కిషన్ రావు మెడలో టై బిగించుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా ఇది, పులిహోరా?"

"తలంబ్రాలు బిడ్డా. తినేది కాదు" అంది పోశవ్వ. "నువ్వేనా ఈడ కార్యనిర్వహణ సూసేది?"

"అవునమ్మా."

పోశవ్వ ఆయన నుదుటన బొట్టు పెట్టి, చేతిలో అరటిపండు పెట్టింది. తినేది కాదన్న వస్తువును ఆపే నిబంధన కిషన్ రావుకు దొరకలేదు. అరటిపండు జేబులో పెట్టుకుని, మిగతా పళ్లను కూడా ఆపలేక దారి ఇచ్చాడు.

హాలులో చీకటి. "గర్భగుడి తీరున్నది" అని ఆడవాళ్లు మెల్లగా అనుకుంటూ కూర్చున్నారు. పళ్లపొడి ప్రకటన వచ్చింది. "చందా ఇచ్చినోళ్ల పేర్లు" అని వాళ్లకు వాళ్లే చెప్పుకున్నారు. తెర మీద గుడి కనిపించింది, స్వామి కనిపించాడు. పద్నాలుగు మంది ఒక్కసారే దండం పెట్టారు. తర్వాత ముసలి వీణావతి పాట అందుకుంది. ఆమె పక్కన ఉన్నట్టుండి పాతికమంది పడుచులు గజ్జెలు కట్టి దూకారు.

"తమ్మీ!" అంది పోశవ్వ. ఆ కేక పాట మీదుగా వినిపించింది. "ఇది సినిమారా!"

ముందు వెనుకల వాళ్లు "ష్" అన్నారు. రాజలింగు వంగి, అక్క చెవిలో అన్నీ చెప్పాడు. బస్సు, దండ, తడిసిన రీలు, రెండు టికెట్లు, మగ్గం చప్పుడు. ఒక్కటీ దాచలేదు. అక్క తనను కొట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది. పోశవ్వ తెర మీది వీణావతిని చేత్తో చూపింది.

"ఆ పిల్ల లగ్గం మొగిలి సూడనే లేదా?"

"లేదక్కా."

"నేను లేపితినని?"

రాజలింగు తెర వైపు తిరిగాడు. అబద్ధం ఆడలేడు మరి.

పోశవ్వ మరదలి వైపు తిరిగింది. "ఏమే మొగిలీ, గప్పుడే చెప్తె ఏమాయె? బస్సు పోతె పోయేది, బస్టాండు మెట్ల మీద పండుకునేటోళ్లం" అంది. మొగిలమ్మ తలదించుకుని నవ్వింది. పోశవ్వ మళ్లీ తమ్ముడి వైపు తిరిగి, "ఇండ్ల కల్యాణం అయితదా కాదా?" అంది.

"ఆఖరుకు అయితదట."

"మరింకేంది, కూసుంటం. ఇందాక తెర మీద సామికి దండం పెడితిమి. ఆ దండం నిజమైతె ఈ ఉపాసం సుత నిజమే." ఆ మాట వెనుక వరసకూ ముందు వరసకూ చెవి నుంచి చెవికి పాకింది. ఎవరూ కాదనలేదు. సినిమా చూస్తే పుణ్యమేమిటని రాజలింగుకు ఒక సందేహం రాబోయింది. రాతి బొమ్మకు పెట్టినా రంగుల బొమ్మకు పెట్టినా దండం పెట్టే చేతులు ఒకటే కదా అని దాన్ని ఆపుకున్నాడు.

విరామంలో చుట్టూ పేలాల వాసన కమ్ముకుంది. పన్నెండు మంది ఆడవాళ్లు మొహం తిప్పుకుని కూర్చున్నారు. పోశవ్వ మేనేజరు దగ్గరికి పోయింది.

"కల్యాణం ఇంకెంతసేపు బిడ్డా?"

"లాస్టుకమ్మా. ఇంకో గంటా పావు."

"అది ముందుగాల ఏసి, ఈ ఎగురుడు తర్వాత ఎయ్యరాదూ? అందరు ఉపాసమున్నరు."

"అట్ల రాదమ్మా. సినిమా మొత్తం ఒక్కటే డబ్బాల వస్తది."

"ఎవలకన్న ఫోన్ చెయ్యి. పెద్దోళ్లు ఉంటరు గద."

కిషన్ రావు చొక్కా జేబులోని అరటిపండును తడుముకుంటూ పక్కకు పోయాడు.

విరామం తర్వాత ముప్పావుగంటకు కట్టయ్య తల ముందు కుర్చీకి తగిలింది. ఆయనకు షుగరు. పొద్దున గోలీ వేసుకుని, భార్యకు భయపడి ఏమీ తినలేదు. చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. ఇందు సంచిలో వెతికి ఒక చాక్లెట్టు తీసింది. కట్టయ్య పోశవ్వ వంక చూసి నోరు బిగించాడు.

"బయటికి తీస్కపోవాలె" అంది ఇందు. "ఈడ పెద్దత్తమ్మ ముందల తినడు."

తెర మీద పందిరి వేస్తున్నారు. సన్నాయి మొదలైంది. మొగిలమ్మ కొంగు దోపుకుని లేవబోయింది. నలభై ఒక్క ఏళ్ల అలవాటు. ఎవరో ఒకరు లేవాలంటే ఆమే లేస్తుంది. రాజలింగు ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"నువ్వు కూసో. శుభం పడేదాక లేవకు."

"నువ్వు సూడవా?"

"నేను సూసుడేంది, నువ్వు సూస్తే అయిపాయె" అని, బావ చంకలో చెయ్యి వేసి నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

రోడ్డు మీద టిఫిన్ బండి దగ్గర కట్టయ్య మొదట చక్కెర నీళ్లు తాగాడు. తర్వాత రెండు ఇడ్లీలు తిన్నాడు. రంగు తిరిగి వచ్చాక పూరీ అడిగాడు.

"మీ అక్కకు చెప్పకు బామ్మర్దీ."

"అడిగితె అబద్ధం ఆడ బావా."

"ఆడకు. ముచ్చట మార్చు."

రెండో పూరీ తింటుండగా థియేటరు లోపలి నుంచి పెద్ద గోల వినిపించింది. రాజలింగు ఉరికాడు. కట్టయ్య మూతి తుడుచుకుంటూ వెనుక ఉరికాడు.

వీళ్లు చేరేసరికి హాలులో దీపాలు వెలిగి ఉన్నాయి. తెర మీద "శుభం" అని ఉంది. కుర్చీల మీద, మెట్ల మీద, ముక్కూ మొహం తెలియని వాళ్ల తలల మీద పసుపు బియ్యం. మధ్యలో కిషన్ రావు నిలబడి టైలోంచి తలంబ్రాలు దులుపుకుంటున్నాడు. వెనుక వరసల్లో కొందరు మెచ్చుకుంటూ చప్పట్లు కొడుతున్నారు, కొందరు డబ్బులు వాపస్ అడుగుతున్నారు. పోశవ్వ బృందం మాత్రం సంకల్పం తీరిన సంతోషంతో అరటిపళ్లు వలుస్తోంది.

రాజలింగు అందర్నీ బతిమాలి, చీపురు అడిగి తానే ఒక వరస ఊడ్చి, చెప్పుల జతలు లెక్క చూసుకుని, ట్రాలీ ఎక్కాక గాని ఊపిరి పీల్చుకోలేదు. అప్పుడు అడిగాడు.

"ఇంతకు దండ ఎవని మెడల ఏసింది?"

"ఎవని మెడలేందిరా, సామి మెడల!" అంది పోశవ్వ. "దండ ఎత్తంగనే 'ఏయుండ్రి తలంబ్రాలు' అని నేనే అన్న. అందరం లేసి నిలబడ్డం."

"సామి కాదు పెద్దత్తమ్మా, వీణలు చేసేటాయన" అంది ఇందు. "మీరంత నిలబడ్డరు గద, నాకు సందుల నుంచి ఆయన నవ్వుడు కనవడ్డది."

"నవ్విండంటె మరి రాజే. దండ పడ్డోడే నవ్వుతడు" అంది మూలనున్న ఒక ముసలమ్మ. ఆమెకు ఇద్దరు తోడయ్యారు. ట్రాలీలో మూడు పక్షాలు ఏర్పడ్డాయి. గిన్నెలో మిగిలిన తలంబ్రాల మీద ఒట్లు పడ్డాయి.

రాజలింగు మెల్లగా మొగిలమ్మ పక్కకు జరిగాడు. ఆమె ముఖం కడిగినట్టు తేటగా ఉంది.

"వాళ్ల లొల్లి ఎందుగ్గాని, నువ్వు చెప్పు. నువ్వు సూసినవ్ గద?"

మొగిలమ్మ అటూ ఇటూ చూసి ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఎవలతోని అనకు. సామి కనవడంగనే దండం పెట్టిన. దండం పెడితె కండ్లు మూసుకుంటయి గద నాకు. తెరిచేసరికి శుభం పడ్డది."

రాజలింగుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుళ్లో గంటలు గంటలు వరసలో నిలబడి, తీరా స్వామి ఎదురుగా వచ్చేసరికి తానూ కళ్లు మూసుకునేవాడే. ఆ మూసుకోవడం ఎందుకో, లోపల ఎవరిని చూస్తామో, ఇంతవరకు ఎవరినీ అడగలేదు.

"మరి ఇయ్యాల్టితోని తీసేస్తాండ్రు. ఇగ సూసుడెట్ల?" అన్నాడు దిగులుగా.

"ఏమొద్దు తియ్యి" అంది మొగిలమ్మ. "సూసుడు కాదు నాకు. ఆఖరిదాక నన్ను కూసోబెట్టినవ్ గద, అయిపోయింది. ఇగ ఆ మాట నిన్ను అననే అన." ఆమె ఆయన చొక్కా మీది పసుపు బియ్యపు గింజలు ఒక్కొక్కటే తీసి కొంగున వేసుకుంది.

ట్రాలీ కాశిబుగ్గ మలుపు తిరిగేసరికి, పదిహేను మంది కళ్లారా చూసిన ఆ కల్యాణానికి ముగ్గురు పెండ్లికొడుకులు ఖాయమయ్యారు. పోశవ్వ అనుమానంగా చూస్తుంటే, ఆ దండ పడినప్పుడు తాను అక్కడే ఉన్నానని, అది నిజానికి పూజారి మెడలో పడిందని కట్టయ్య ఒట్టేసి చెబుతున్నాడు.